క్లోరిన్‌కు లొంగని క్రిమి యూవీ (అతినీలలోహిత) కాంతికి ఎలా లొంగింది?

లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉంటే ఈ-కోలి బ్యాక్టీరియా నిమిషం లోపే చచ్చిపోతుంది. హెపటైటిస్-ఏ వైరస్‌కు పావుగంట పడుతుంది. జియార్డియా అనే పరాన్నజీవి ముప్పావుగంట తట్టుకుంటుంది. క్రిప్టోస్పోరిడియం (క్లుప్తంగా క్రిప్టో) అనే మరో పరాన్నజీవి మాత్రం అదే క్లోరిన్‌లో పది రోజులకు పైగా నిలబడుతుంది. ఈతకొలనుల కోసం అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఇచ్చే లెక్క 15,300 నిమిషాలు. ఏ నీటి శుద్ధి కేంద్రమూ పది రోజులు క్లోరిన్‌లో నానబెట్టి నీళ్లు వదలలేదు. పోనీ క్లోరిన్ పెంచుదామంటే, ఆ మోతాదుకు నీళ్లు నోట్లో పెట్టుకోవడానికే పనికిరావు.

ఈ మొండితనమంతా దాని పెంకులో ఉంది. క్రిప్టో పేగు గోడకు అతుక్కుని ఉన్నప్పుడు సున్నితమైన జీవే. మలంతో బయటికి వచ్చేటప్పుడు మాత్రం ఊసిస్ట్ అనే గట్టి పెంకులో దాక్కుని వస్తుంది. ఊసిస్ట్ పరిమాణం 4 నుంచి 6 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. లోపల సన్నగా వంపు తిరిగిన నాలుగు పిల్లజీవులు ముడుచుకుని ఉంటాయి. చల్లటి నీటిలో నెలల తరబడి అది అలాగే ఉండగలదు. పది ఊసిస్టులు కడుపులోకి వెళ్లినా జబ్బు రావచ్చు. చిన్నపేగులోకి చేరాక పెంకు విచ్చుకుంటుంది, నాలుగూ బయటపడి పేగు కణాల్లో పెరగడం మొదలుపెడతాయి.

ఆరోగ్యంగా ఉన్న మనిషికి వారం, రెండు వారాలు నీళ్ల విరేచనాలతో పోతుంది. ఎయిడ్స్ ఉన్నవాళ్లకు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లకు, కీమోథెరపీలో ఉన్నవాళ్లకు ప్రాణం మీదికి వస్తుంది. పసిపిల్లల సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. కోల్‌కతా సహా ఏడు చోట్ల జరిగి 2013లో వెలువడిన జెమ్స్ అధ్యయనంలో, ఏడాది లోపు పిల్లలకు వచ్చే తీవ్ర విరేచనాల కారణాల్లో రోటావైరస్ తర్వాతి స్థానం క్రిప్టోదే. రోటావైరస్‌కు హైదరాబాద్‌లోనే రోటావ్యాక్ టీకా తయారవుతోంది. క్రిప్టోకు టీకా లేదు. ఉన్న మందు నిటజోక్సనైడ్ కూడా, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు పెద్దగా పనిచేయదు. కాబట్టి దాన్ని నీటిలోనే ఆపాలి.

ఆపలేకపోతే ఏమవుతుందో 1993 వసంతంలో అమెరికాలోని మిల్వాకీ నగరం చూసింది. నగరానికి మిషిగన్ సరస్సు నీళ్లు రెండు శుద్ధి కేంద్రాల ద్వారా అందేవి. దక్షిణాన ఉన్న హోవర్డ్ అవెన్యూ కేంద్రంలో మార్చి చివరి వారంలో శుద్ధి చేసిన నీటి మడ్డితనం పెరిగింది. ఫిల్టర్లు సరిగా పట్టుకోలేదు. క్లోరిన్ వేస్తూనే ఉన్నారు. అప్పటి నిబంధనల ప్రకారం చూస్తే నీటి నాణ్యత పరిమితి దాటలేదు కూడా. ఈలోగా మందుల షాపుల్లో విరేచనాల మాత్రలు ఖాళీ అవుతున్నాయి, ఆస్పత్రుల్లో సిబ్బందే సెలవులు పెడుతున్నారు. ఏప్రిల్ 7న నీళ్లు కాచుకుని తాగమని నగరం ప్రకటించింది, రెండు రోజులకు ఆ కేంద్రాన్ని మూసేశారు. అప్పటికే దాదాపు 4,03,000 మంది జబ్బుపడ్డారని తర్వాత లెక్క తేలింది. తర్వాతి రెండేళ్లలో 50కి పైగా మరణాలకు ఈ క్రిమి కారణంగా నమోదైంది, వారిలో అత్యధికులు ఎయిడ్స్ రోగులు. క్లోరిన్ వేశాం కాబట్టి నీళ్లు సురక్షితం అనే శతాబ్దపు నమ్మకం అక్కడ బీటలు వారింది.

మరి యూవీ కాంతి అప్పటికి లేదా? ఉంది, చాలా కాలంగా ఉంది. సూర్యకాంతి బ్యాక్టీరియాను ఎదగనివ్వదని ఇంగ్లండ్‌లో డౌన్స్, బ్లంట్ 1877లోనే చూపించారు. ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో 1910లో పాదరస దీపాలతో తాగునీటి శుద్ధి మొదలైంది. ఆనాటి దీపాలు తరచూ చెడిపోయేవి, కరెంటు ఖర్చు ఎక్కువ. చవగ్గా దొరికిన క్లోరిన్ దాన్ని పక్కకు నెట్టేసింది. ఇక క్రిప్టో మీద యూవీ పనికిరాదని 1990 దశకం చివరి దాకా నిపుణులే నమ్మారు. ఆ నమ్మకం ఎందుకు తప్పయిందో తెలిస్తే యూవీ శుద్ధి మొత్తం అర్థమైనట్టే.

అప్పట్లో పరీక్ష ఇలా చేసేవాళ్లు. యూవీ తగిలిన ఊసిస్టులకు ప్రత్యేకమైన రంగులు పట్టించి, బతికి ఉన్నవేవో చచ్చినవేవో మైక్రోస్కోప్‌లో చూసేవాళ్లు. లేదా పేగు లోపలి పరిస్థితులు కల్పించి పెంకు విచ్చుకుంటుందా లేదా గమనించేవాళ్లు. యూవీ తగిలాక కూడా పెంకు చక్కగా విచ్చుకునేది, లోపలి జీవులు కదులుతూ బయటికి వచ్చేవి. ఇంకేం, బతికే ఉన్నాయన్నారు. ఈ లెక్కన వాటిని మట్టుపెట్టాలంటే ఏ నగరమూ భరించలేనంత కాంతి కావాలని తేల్చారు. 1998 ప్రాంతంలో జెనిఫర్ క్లాన్సీ, జియా బుఖారీ బృందం అవే ఊసిస్టులను అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు పట్టించి చూసింది. చాలా తక్కువ కాంతి తగిలిన ఊసిస్టులు కూడా ఎలుక పిల్లలకు జబ్బు తెప్పించలేకపోయాయి. విత్తనాలను రంగు చూసి కొనకుండా, తడిగుడ్డలో మూటకట్టి మొలక శాతం చూసుకునే రైతుకు ఈ రెండు పరీక్షల మధ్య తేడా విడమరిచి చెప్పక్కర్లేదు.

జరిగేదేమిటంటే, డీఎన్‌ఏ 260 నానోమీటర్ల దగ్గరి కాంతిని బాగా పీల్చుకుంటుంది. తక్కువ పీడన పాదరస దీపం నుంచి వచ్చే ప్రధాన కిరణం 254 నానోమీటర్లు, దాదాపు అక్కడే ఉంది. ఆ కాంతి పడ్డప్పుడు డీఎన్‌ఏ పోగులో పక్కపక్కన ఉన్న రెండు థైమిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కణం విభజన కోసం డీఎన్‌ఏకు నకలు తీసుకోబోతే ఆ ముడి దగ్గర ఆగిపోతుంది. ఆ క్షణానికి జీవి బతికే ఉంటుంది, కదులుతుంది, పెంకు కూడా విప్పుకుంటుంది. సంతానాన్ని కనలేదు. పేగులో పెరగలేని క్రిప్టో జబ్బు తేలేదు. క్లోరిన్ రసాయనం కాబట్టి పెంకును దాటడానికి తంటాలు పడుతుంది, కాంతికి ఆ పెంకు పెద్ద అడ్డం కాదు. క్లోరిన్‌ను అన్నాళ్లు అడ్డుకున్న కవచం యూవీ ముందు ఇంత సులువుగా తేలిపోవడం ప్రజారోగ్య చరిత్రలో గొప్ప అదృష్టమనే చెప్పాలి.

దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేసుకునే ఎంజైములు చాలా సూక్ష్మజీవుల్లో ఉంటాయి. వెలుతురు సాయంతో ఆ ముడులను విప్పుకునే బ్యాక్టీరియా కూడా ఉన్నాయి. అందుకే యూవీ కొట్టిన నీటిని ఎండ తగిలే తెరిచిన తొట్టెలో పెట్టకూడదు. క్రిప్టో కూడా కొంత మరమ్మతు చేసుకుంటుందని, అయినా జబ్బు తెచ్చే శక్తి దానికి తిరిగి రాలేదని 2001లో జపాన్ పరిశోధకులు చూపించారు.

ఇక మోతాదు విషయం. యూవీ మోతాదు అంటే కాంతి తీవ్రతను అది తగిలిన సమయంతో హెచ్చవేయగా వచ్చేది. కొలత చదరపు సెంటీమీటరుకు ఇన్ని మిల్లీజౌల్స్ అని. 2006లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ తెచ్చిన నియమాల ప్రకారం క్రిప్టోను 99.9 శాతం నిర్వీర్యం చేయడానికి 12 మిల్లీజౌల్స్ చాలు. జియార్డియాకు 11. జర్మనీ, ఆస్ట్రియాల్లో తాగునీటికి తప్పనిసరి చేసిన మోతాదు 40. ఈ 40 దగ్గర క్రిప్టో, జియార్డియా, మామూలు పేగు బ్యాక్టీరియా అన్నీ హాయిగా లొంగిపోతాయి.

లొంగనిది అడినోవైరస్. వైరస్‌లను 99.99 శాతం ఆపాలంటే 186 మిల్లీజౌల్స్ కావాలని ఈపీఏ పట్టిక చెబుతుంది, ఆ అంకె ఈ వైరస్‌ను దృష్టిలో పెట్టుకుని వేసిందే. 40 మోతాదు దీనిమీద పడితే ఆగేది సుమారు మూడింట రెండు వంతులే. అడినోవైరస్‌కు రెండు పోగుల డీఎన్‌ఏ ఉంటుంది. ఒక పోగు దెబ్బతింటే రెండో దాన్ని చూసి సరిచేయవచ్చు. పైగా ఆ పని వైరస్ సొంతంగా చేయక్కర్లేదు, మన కణంలోకి చొరబడ్డాక మన కణపు మరమ్మతు ఎంజైములనే వాడుకుంటుంది. ఇక్కడే అసలు విషయం బయటపడుతుంది. ఇదే అడినోవైరస్‌ను క్లోరిన్ సులువుగా చంపేస్తుంది. క్లోరిన్ ఓడిన చోట యూవీ గెలుస్తుంది, యూవీ తడబడిన చోట క్లోరిన్ పని పూర్తి చేస్తుంది. ఏది మేలు అనే పోటీ పెట్టి ఒకటి ఎంచుకోవడం అర్థం లేని పని. రెండూ కావాలి.

న్యూయార్క్ చేసింది అదే. ఆ నగరపు నీటిలో 90 శాతానికి పైగా క్యాట్‌స్కిల్, డెలవేర్ కొండ ప్రాంతాల జలాశయాల నుంచి వస్తుంది. ఆ పరీవాహక ప్రాంతాన్ని జాగ్రత్తగా కాపాడుకుంటున్నందుకు ఈ నీటిని ఫిల్టర్ చేయకుండానే సరఫరా చేయడానికి అనుమతి ఉంది. అయితే అడవి జంతువులు, పశువుల వల్ల క్రిప్టో, జియార్డియా వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, క్లోరిన్ క్రిప్టోను ఆపదు. దానికి జవాబుగా వెస్ట్‌చెస్టర్ కౌంటీలో కట్టిన యూవీ కేంద్రం 2013లో ప్రారంభమైంది. 56 భారీ యూనిట్లు, వాటిలో 11 వేలకు పైగా దీపాలు. రోజుకు 200 కోట్ల గ్యాలన్లకు పైగా నీటిని శుద్ధి చేయగల సామర్థ్యం. క్లోరిన్ వేయడం మాత్రం మానలేదు.

దీపం వెలుగుతోంది, కాంతి చేరుతోందా?

మన ఇళ్లలోని ఆర్వో, యూవీ ప్యూరిఫైయర్ల విషయానికొస్తే, దీపం వెలుగుతోందా లేదా అన్నదే అందరూ చూస్తారు. కనిపించే ఆ లేత నీలి కాంతికీ క్రిములను ఆపే కిరణానికీ సంబంధం చాలా తక్కువ. 254 నానోమీటర్ల కిరణం కంటికి కనపడదు. కనపడదని తేలిగ్గా తీసుకోకూడదు, ఆ దీపాన్ని నేరుగా చూస్తే కళ్లు దెబ్బతింటాయి. దీపం పాతబడే కొద్దీ యూవీ తగ్గిపోతూ ఉంటుంది, నీలి వెలుగు మాత్రం అలాగే ఉంటుంది. మామూలు యూవీ దీపం పనిచేసే కాలం సుమారు 9,000 గంటలు. ఆ తర్వాత అది వెలుగుతున్నా మార్చాల్సిందే. "లైట్ వెలుగుతోంది కదా, ఎందుకు మార్చడం" అని సర్వీస్ కుర్రాడితో వాదించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. నిజానికి నాణ్యమైన యంత్రంలో కిరణం తీవ్రతను కొలిచే సెన్సార్ ఉండాలి, తగ్గితే నీళ్లు ఆపేయాలి. ఇళ్లలో వాడే వాటిలో చాలావాటికి దీపం కాలిపోతే చెప్పే సూచిక తప్ప మరేమీ ఉండదు. కొనేటప్పుడు లీటర్లు, స్టేజీలు అడిగేవాళ్లు మోతాదు ఎంత అని కూడా అడగాలి.

యూవీ గొట్టాన్ని విప్పి చూస్తే మధ్యలో దీపం, దాని చుట్టూ గాజులా కనిపించే తొడుగు, బయట స్టీలు గొట్టం ఉంటాయి. ఆ తొడుగు మామూలు గాజు కాదు, క్వార్ట్జ్. మామూలు గాజు ఈ కిరణాన్ని ఆపేస్తుంది. నీళ్లు క్వార్ట్జ్‌కూ స్టీలు గోడకూ మధ్య సందులోంచి పోతాయి. బోరు నీళ్లు కఠినంగా ఉండే నల్గొండ, ప్రకాశం, అనంతపురం లాంటి చోట్ల ఆర్వో లేకుండా యూవీ ఒక్కటే పెడితే, కొన్నాళ్లకు ఆ తొడుగు మీద తెల్లటి సున్నపు పొర పేరుకుంటుంది. గోరుతో గీరితే పొడిగా రాలుతుంది. నీటిలో ఇనుము ఉంటే పొర ఎర్రగా ఉంటుంది. లోపల దీపం ఎంత బాగా వెలుగుతున్నా కిరణం ఆ పొరలోనే ఆగిపోతుంది. పలచటి వెనిగర్‌తోనో సిట్రిక్ యాసిడ్‌తోనో కడిగితే పోతుంది. కడగాలని చెప్పేవాళ్లు ఉండాలి.

నీళ్లే కాంతిని మింగేయడం మరో సమస్య. ఒక సెంటీమీటరు మందం నీళ్లు దాటాక ఎంత శాతం యూవీ మిగిలిందో కొలుస్తారు. శుభ్రమైన నీటిలో 95 శాతం మిగిలితే, ఐదు సెంటీమీటర్ల తర్వాత 77 శాతం ఉంటుంది. రంగు, ఇనుము, సేంద్రియ పదార్థం ఉన్న నీటిలో 70 శాతమే మిగిలితే, ఐదు సెంటీమీటర్ల తర్వాత చేరేది 17 శాతం. అదే దీపం, అదే కరెంటు బిల్లు, క్రిమికి అందేది నాలుగో వంతు కన్నా తక్కువ. మట్టి రేణువుల నీడలో దాక్కున్న బ్యాక్టీరియాకు అసలు తగలకపోవచ్చు. అందుకే యూవీ ముందు ఫిల్టర్ తప్పనిసరి, వానాకాలం కొత్తనీళ్లు వచ్చినప్పుడు మరీను.

సున్నం పట్టే ఈ చిక్కును సులువైన ఉపాయంతో దాటిన యంత్రం ఒకటి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోకి వచ్చింది. 1992-93లో మద్రాసులో బయటపడి, బెంగాల్ మీదుగా పాకిన ఓ139 రకం కలరా చూసి కలత చెందిన భౌతిక శాస్త్రవేత్త అశోక్ గాడ్గిల్, అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో దాన్ని రూపొందించారు. ఆయన దీపాన్ని నీటిలో ముంచలేదు. నీటికి పైన గాలిలో వేలాడదీశారు. దాని కింద నీళ్లు పల్చగా, తమ బరువుతోనే పారతాయి. దీపానికి నీళ్లు తగలవు కాబట్టి సున్నం పట్టే తొడుగే లేదు, పంపు పీడనం కూడా అక్కర్లేదు. సుమారు 60 వాట్ల కరెంటుతో నిమిషానికి 15 లీటర్లు శుద్ధి అవుతాయి. 2000 దశకం మధ్యలో కృష్ణా జిల్లా బొమ్మినంపాడులో ఈ పద్ధతితో నీటి కేంద్రం వచ్చింది, తర్వాత రాష్ట్రంలో చాలా ఊళ్లకు పాకింది. పల్లె అవసరానికి తగ్గట్టు ఆలోచిస్తే పరికరం ఎంత తేలికవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అరుదు. అయితే ఫ్లోరైడ్‌ను, ఉప్పును ఏ యూవీ దీపమూ తీయలేదు. ఫ్లోరైడ్ ఊళ్లలో దానికి వేరే ఏర్పాటు కావాల్సిందే.

శుద్ధి అయ్యాక సంగతి

యూవీకి ఉన్న అతిపెద్ద లోటు ఏమిటంటే, గొట్టం దాటిన మరుక్షణం దాని రక్షణ అయిపోతుంది. క్లోరిన్ నీటితో పాటు కుళాయి దాకా ప్రయాణిస్తుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని చెప్పడానికి కారణం ఇదే. మన ఊళ్లలో ఇది మరీ ముఖ్యం. చాలాచోట్ల నీళ్లు రోజులో గంటో రెండు గంటలో వస్తాయి, కొన్నిచోట్ల రోజు విడిచి రోజు. మిగతా సమయంలో పైపుల్లో పీడనం ఉండదు, పక్కన డ్రైనేజీ ఉంటే పగుళ్లలోంచి మురుగు లోపలికి వస్తుంది. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట పరిసరాల్లో విరేచనాలతో మరణాలు సంభవించింది, పైపుల్లోకి మురుగు కలిసే. శుద్ధి కేంద్రంలో ఎంత గొప్ప యూవీ ఉన్నా అలాంటి పైపును కాపాడలేదు. దాని తర్వాత సంపు, పైన ట్యాంకు, వంటింట్లో ప్యూరిఫైయర్ స్టోరేజీ ట్యాంకు. శుద్ధి చేసిన నీరు ఆ చివరి ట్యాంకులో నిలవ ఉంటే బ్యాక్టీరియా మళ్లీ పెరుగుతుంది. దాన్ని నెలలకొద్దీ కడగని ఇళ్లే ఎక్కువ. క్రిప్టో భయం ఉన్నప్పుడు ఏ యంత్రమూ లేని ఇంట్లో నమ్మదగిన ఉపాయం పాతదే: నీళ్లు తెర్లనిచ్చి ఒక నిమిషం మరగనిస్తే క్రిప్టో బతకదు.

దీపాల తీరు కూడా మారుతోంది. పాదరసం లేని యూవీ ఎల్ఈడీలు 265 నుంచి 280 నానోమీటర్ల మధ్య కాంతినిస్తాయి, స్విచ్ వేసిన క్షణంలోనే పూర్తి తీవ్రతకు వస్తాయి. విద్యుత్తును యూవీగా మార్చే విషయంలో పాదరస దీపాల కన్నా ఇంకా వెనకే ఉన్నాయి గానీ, ఇంటి కుళాయి స్థాయికి ఇప్పటికే వచ్చేశాయి.

నీటిలోని మొండి క్రిములు అనగానే ఈ రోజుల్లో మరో రకం గుర్తుకు రావాలి. యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా. దీనికి తెలుగు నేలతో నేరుగా సంబంధం ఉంది. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్‌కు చెందిన యోకిం లార్సన్ బృందం 2007లో ప్రకటించింది. కొన్ని రకాల బ్యాక్టీరియాను చంపే స్థాయికి అది వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ. అలాంటి చోట బతికి బట్టకట్టే బ్యాక్టీరియా, మందులను తట్టుకునే నిరోధక జన్యువులను మోసుకు తిరుగుతుంది.

యాంటీబయాటిక్‌కు లొంగనిదైనా యూవీకి లొంగుతుంది, ఆ రెండు దెబ్బలకూ సంబంధం లేదు. చిక్కు జన్యువు దగ్గర ఉంది. బ్యాక్టీరియా పెరగకుండా ఆపడానికి దాని డీఎన్‌ఏలో ఎక్కడో ఒకచోట ముడి పడితే చాలు. నిరోధక జన్యువు ఆ పొడవైన పోగులో చిన్న ముక్క, దాని మీదే దెబ్బ పడాలంటే చాలా ఎక్కువ కాంతి కావాలి. 2012లో అమెరికాలో చేసిన ప్రయోగాల్లో అలాంటి జన్యువులను 99.9 శాతం లేదా ఆపైన దెబ్బతీయడానికి 200 నుంచి 400 మిల్లీజౌల్స్ పట్టింది. తాగునీటికి వాడే మోతాదుకు ఇది ఐదు నుంచి పది రెట్లు. అంతకన్నా తక్కువ మోతాదులో బ్యాక్టీరియా ఆగిపోయినా జన్యువు చెక్కుచెదరకుండా నీటిలో మిగలవచ్చు, మరో బ్యాక్టీరియా దాన్ని అందుకోవచ్చు. మురుగు శుద్ధి కేంద్రంలో మడ్డిగా ఉన్న నీటికి అంత మోతాదు అందించడం ఖర్చుతో కూడిన పని. కాబట్టి పటాన్‌చెరు లాంటి చోట్ల యాంటీబయాటిక్ వ్యర్థాలు కంపెనీ గేటు దాటకముందే ఆగాలి. కాలువలోకి వచ్చాక ఎన్ని దీపాలు పెట్టినా ఆ జన్యువులు మిగిలే అవకాశం ఉంటుంది.